మా అవ్వ గొంతు కాదు

పోయినవారం మనం గణేశ్‌ను తొర్రూరులో వాళ్ళింటి దర్వాజ ముందే నిలబెట్టి వదిలేశాం. మూతికి మాస్కు, కళ్ళ మీదికి లాక్కున్న టోపీ. కిరాయి కారును సందు మొదట్లోనే ఆపించి, గోడ పక్కన దొంగలా నడుచుకుంటూ వచ్చాడు. రెండు నెలల కింద ఇదే సందులోంచి డప్పులు కొట్టి, భుజాల మీద మోసి పంపించారు. దేశం తరఫున టెస్టు మ్యాచ్ ఆడబోతున్న మొదటి తొర్రూరు మనిషాయె మరి. ఇప్పుడు మూడు టెస్టులు ముగిశాయి. ఆరు ఇన్నింగ్స్‌లలో అన్నీ కలిపితే అరవై ఒక్క పరుగులు.

పరుగుల సంగతి పక్కన పెట్టినా మొన్న ఆదివారం సంగతి పక్కన పెట్టేది కాదు. ఆఖరి రోజు, చేతిలో మూడు వికెట్లు. ఇరవై రెండు ఓవర్లు నిలబడితే డ్రా. కొట్టాల్సిన పనే లేదు, నిలబడితే చాలు. నలభై ఒక్క బంతులాడి తొమ్మిది మీదున్న గణేశ్ ఉన్నట్టుండి ముందుకురికి స్పిన్నర్‌ను గాల్లోకి లేపాడు. మిడాఫ్‌లో ఉన్నవాడు కదలకుండానే పట్టుకున్నాడు. ఇంకా పదహారు బంతులు మిగిలుండగానే మ్యాచ్ పోయింది. ఆ సాయంత్రం నుంచి టీవీల్లో పెద్దమనుషులందరిదీ ఒకటే ప్రశ్న. ఈ కుర్రాడికి టెస్టు క్రికెట్‌కు కావలసిన టెంపరమెంట్ ఉందా, లేదా?

జవాబు ఎవరిచ్చారంటే, సాక్షాత్తూ కన్నతల్లి ఓదెమ్మే. గణేశ్ టీములోకి ఎంపికైన రోజు రఘునాథపల్లి నుంచి వేణు అనే పిల్లగాడు ఒక ఫోను, ఒక చిన్న మైకు పట్టుకొని వచ్చి, తన యూట్యూబ్ చానెల్ కోసం ఆమెతో పద్దెనిమిది నిమిషాలు ముచ్చట పెట్టించాడు. అందులోంచి పదకొండు సెకన్లు ఎవరో కత్తిరించారు. ‘ఏం నిలవడ్తడు బిడ్డా ఐదు దినాలు! వానికి ఓపికనే లేదు. సగంల ఇడ్సిపెట్టి ఉరికొచ్చుడే వాని పని.’ కింద ఇంగ్లీషులో, హిందీలో అక్షరాలు. మూడు రోజుల్లో దేశమంతా ఆ గొంతు విన్నది. కొంగు నెత్తిన కప్పుకొని ఆమె మాట్లాడినట్టు మాట్లాడి నవ్వించినవాళ్ళకు లెక్కేలేదు. గణేశ్ తండ్రి గట్టయ్య హోటల్ కాడ ఛాయ్ తాగలేక భూపాలపల్లిలో కూతురింటికి పోయి కూర్చున్నాడు.

టీము వాళ్ళు రెండు రోజులు సెలవిస్తే ఇంటికొచ్చిన గణేశ్, దర్వాజ మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. లోపల ఎవరో ఆడమనిషి అడుగుతున్నది. “గిది మీ కొడుకు సంతకమేనా అమ్మా?”

*

అడిగిన మనిషి వసంత. వేణుకు అక్క. రఘునాథపల్లిలో కుట్టుమిషన్ తొక్కి తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది. పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చింది. అరిచి గోల చేసే మనిషైతే ఓదెమ్మ కూడా నాలుగు మాటలు అని పంపేదేమో. వసంత అరవలేదు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గిలాస కింద పెట్టి, సంచిలోంచి కాగితం తీసింది.

“నాకు సంతకం పెట్టుడే వచ్చు బిడ్డా, సదువుడు రాదు. ఏముందో నువ్వే సదువు,” అన్నది ఓదెమ్మ.

వసంత చదివింది. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు అది. ‘సదరు వీడియోలో వినిపించే గొంతు మా తల్లిది కాదు. మా ప్రాంత ప్రజల యాసను ఎగతాళి చేయాలనే దురుద్దేశంతో వేరే స్త్రీతో మాట్లాడించి, మా తల్లి బొమ్మకు అతికించి, నా పరువుకు నష్టం కలిగించిన వ్యక్తిపై చర్య తీసుకోగలరు.’ కింద గణేశ్ సంతకం.

ఓదెమ్మ కొంచెం ముందుకు జరిగి కూర్చున్నది.

“మల్ల సదువు,” అన్నది ఓదెమ్మ.

వసంత మళ్ళీ మొదటి నుంచి చదివింది. ‘మా తల్లిది కాదు’ అన్నచోట ఆమె గొంతు తగ్గించింది. చదివేవాళ్ళకే సిగ్గయ్యే మాట అది.

బయట నిలబడ్డ గణేశ్ రెండుసార్లూ విన్నాడు. కారు ఇంకా సందు మొదట్లోనే ఉందా అని వెనక్కి తిరిగి చూశాడు. ఉంది. రెండడుగులు అటు వేశాడు కూడా. ఉన్నమాట చెప్పుకోవాలంటే, పోయేవాడే. ఇంతలో బిందె తీసుకుందామని బయటికొచ్చిన ఓదెమ్మ కొడుకు వీపును చూసింది. మాస్కులు, టోపీలు ఊళ్ళోవాళ్ళ కోసం గానీ తల్లికేం అడ్డం?

“ఎటు వోతున్నవ్? కాళ్ళు కడుక్కొని లోపటికి రా,” అన్నది.

*

గణేశ్ వచ్చి గోడకానుకొని కూర్చున్నాడు. కుర్చీ ఉన్నా కింద కూర్చున్నాడు. వసంత అతణ్ణి ఎగాదిగా చూడలేదు. సెల్ఫీ అడగలేదు. తమ్ముడి సంగతి మాత్రం చెప్పింది.

“మావోని ఫోను, లాప్‌టాపు గుంజుకున్నరు. నిన్న మొన్న రెండు రోజులు స్టేషన్ల పొద్దంత కూసోవెట్టిండ్రు. రేపు పదకొండింటికి మల్ల రమ్మన్నరు. గా గొంతు ఎవలదో చెప్పకపోతే కేసు రాస్తరట. ఎవలదని చెప్తడు తమ్మీ? మీ అమ్మది మీ అమ్మదే అంటే నమ్మరాయె. కొడుకే కాదని రాసిచ్చినంక ఎవలు నమ్ముతరు?”

గణేశ్ తల దించుకున్నాడు.

“మావోడు ఏం కత్తిరించలే. పద్దెనిమిది నిమిషాలు ఉన్నదున్నట్టు పెట్టిండు. ఎనుక ముందు కోసినోళ్ళు ఇంకెవలో. మీ అమ్మ గట్ల అన్నంక ఏమన్నదో నీకెరుకనా?”

గణేశ్‌కు తెలియదు. పద్దెనిమిది నిమిషాలూ అతనెప్పుడూ చూడలేదు. వసంతే చెప్పింది. ఆ మాట అని ఓదెమ్మ ఫక్కున నవ్విందట. వేణు, ‘అదేందవ్వా, దేశమంత మెచ్చుకుంటుంటే నువ్వు గిట్లంటున్నవ్’ అంటే, రెండు చేతుల మెటికలు కణతలకు ఆనించి విరిచి, ‘కన్నతల్లి నోట మెచ్చుకుంటే బిడ్డకు ఆయుష్షు తగ్గుతది కొడుకా. నా దిష్టే ముందు తగుల్తది’ అన్నదట. ఆ తర్వాత కొంగు కళ్ళకు అద్దుకున్నదట.

ఇందులో వింతేముంది? ఆ సందులో ఏ తల్లిని కదిలించినా ఇంతే. కొడుక్కు జిల్లాలో మొదటి ర్యాంకు వచ్చిందని చెప్పండి, ‘ఏం ర్యాంకో, తాగిన చెంబు తాగిన కాన్నే ఉంటది’ అంటుంది. బిడ్డ బంగారు బొమ్మలా ఉందనండి, ‘నల్లగ కాకి తీరు ఉంటే బంగారమంటవేంది’ అని మూతి తిప్పుతుంది. విన్నవాళ్ళకు ఆ మాట వెనకున్న మురిపెం తెలుసు గనక నవ్వి ఊరుకుంటారు. ఢిల్లీలో, బొంబాయిలో టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు ఏం తెలుసు? తల్లే లేదన్న ఓపిక మనకెక్కడ కనిపిస్తుందని వాళ్ళు తీర్పు ఇచ్చేశారు. ఇక ఆ మురిపెం చూపించే వీడియో ఉందా అంటే, గణేశ్ ఫిర్యాదుతో అది కాస్తా తీసేశారు. మిగిలిందల్లా అందరి ఫోన్లలో ఉన్న పదకొండు సెకన్లే. చేతులారా చేసుకున్నది అంటే ఇదే.

“నువ్వే రాసినవా?” అన్నది ఓదెమ్మ.

“లక్ష్మీకాంత్ రాసిండవ్వా. హైదరాబాద్‌ల నా పనులన్నీ ఆయనే చూస్తడు గద. ఫోన్ల పంపిండు. నేను సంతకం చేసిన, గంతే.”

“సదవకుంటనే చేసినవా?”

చదవలేదంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఓదెమ్మ కొడుకు ముఖంలోంచి చూపు తిప్పలేదు.

“సదివిన,” అన్నాడు.

రెండుసార్లు చదివాడు. ‘మా తల్లిది కాదు’ అన్నచోట వేలు ఆగింది కూడా. ఆగి, మళ్ళీ కదిలింది.

“ఎందుకు చేసినవ్?”

“నవ్విండ్రవ్వా.” గణేశ్ నేల మీద వేలితో గీస్తున్నాడు. “సోమవారం పొద్దుగాల హోటల్ల అందరం టిఫిన్ తింటున్నం. ఒకడు నీ లెక్క మాట్లాడిండు. ‘సగంల ఇడ్సిపెట్టి ఉరికొచ్చుడే’ అని. వానికి తెలుగే రాదు, అచ్చం నీ లెక్క అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.”

“నువ్వు గూడ నవ్వినవ్.”

“నవ్వినంక ఏం జెప్పాలో తెల్వక, గది మా అవ్వ గొంతు కాదు, ఎవలో అతికించిండ్రు అన్న. నోట్లకెల్లి అట్ల వచ్చేసింది. మధ్యాహ్నానికి లక్ష్మీకాంత్‌కు తెలిసింది. గిదే మంచిగున్నది, కేసు పెడ్దామన్నడు. సాయంత్రం హెడ్ కోచ్ నా రూముకు వచ్చి భుజం మీద చెయ్యేసిండు. మీ అమ్మను అట్ల చేసుడు తప్పు, నువ్వు దిల్ చిన్నగ చేసుకోకు, ఆఖరి టెస్టు నువ్వే ఆడుతున్నవ్ అన్నడు. లేకపోతే నన్ను తీసేస్తుండె అవ్వా. తీసేసుడు అయిపోయింది. గా అబద్ధం మీదనే నన్ను ఉంచిండ్రు.”

ఇదీ సంగతి. శనివారం మొదలయ్యే టెస్టులో ఆడే జట్టు పేర్లు ఈ సాయంత్రం ఐదింటికి చెప్తారు. అందులో గణేశ్ పేరు ఉంటే అది బ్యాటు సంపాదించిన చోటు కాదు, తల్లిని కాదని సంపాదించిన చోటు. ఇప్పుడు నిజం చెప్తే ఆ చోటు పోతుంది. ఈసారి పోతే మళ్ళీ రాదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

“నన్ను జూసి సిగ్గువడ్డవా?” అన్నది ఓదెమ్మ.

“నిన్ను జూసి కాదవ్వా...”

“మరి?”

గణేశ్ మళ్ళీ నేల మీద గీశాడు. వేరే మాట ఏదన్నా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు.

“నిన్ను జూసే,” అన్నాడు.

అన్నాక ఏడ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఆరడుగులవాడు, పరాయి ఆడమనిషి ముందు ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. వసంత ముఖం పక్కకు తిప్పుకున్నది.

*

ఓదెమ్మ ఓదార్చలేదు. తిట్టనూ లేదు. చీపురు పుల్ల ఒకటి తీసి చిన్న ముక్కలుగా విరవసాగింది.

“దిష్టికని అన్న మాటనే గది,” అన్నది కాసేపటికి. “గాని అబద్ధం గాదు బిడ్డా.”

గణేశ్ తల ఎత్తాడు.

“ఓపిక లేదని ఎందుకన్ననో నీకు ఎరుకలేదు. మార్కెట్ యార్డుల గోడకు బంతి కొట్టుకుంట పొద్దంత ఉంటుండె నువ్వు. బువ్వకు పిలిచినా రాకపోతుండె. ఎవలు జూడకపోతే నీ అంత ఓపిక ఇంకోనికి లేదు. మంది జూసిండ్రా, అయిపోయింది. ఏడో తరగతిల సంత కాడ టమాటల గంప ముందర కూసోవెట్టి నేను దవాఖానకు పోయిన, యాదికున్నదా?”

గణేశ్‌కు గుర్తుంది. గుర్తు లేనట్టు చూశాడు.

“నీ తోటి సదివే పోరగాండ్లు అటువడి వచ్చిండ్రట. నాకు తర్వాత పక్కన కూసున్న ముసలామె చెప్పింది. గంపెడు టమాటలు వచ్చినోనికి వచ్చినట్టు అడిగిన రేటుకు పోసిచ్చి, గంప బోర్లించి, ఉరికొచ్చినవ్. ఏందిరా అంటే అన్ని అమ్ముడువోయినయ్ అన్నవ్. అమ్ముడువోలే బిడ్డా. నువ్వు లేసి పోవాలె, అందుకు ఇచ్చేసినవ్. మొన్న ఆదివారం టీవీల నీ మొకం జూసిన. గదే మొకం.”

టీవీ స్టూడియోల్లో కూర్చున్న పాత ఆటగాళ్ళు గీతలు గీసి, బొమ్మలు తిప్పి చూపించారు. పాదం కదల్లేదన్నారు, తొందరపడ్డాడన్నారు, ఇరవై ఓవర్ల ఆట అలవాటు చెడగొట్టిందన్నారు. ఒక్కరికీ తెలియని సంగతి, స్కోరు బోర్డు చదవడం కూడా రాని ఓదెమ్మకు తెలిసింది.

ఆ నలభై ఒక్క బంతుల్లో ఆరు బంతులు బ్యాటుకు తగలకుండా పోయాయి. ఆరుసార్లూ స్లిప్‌లో ఉన్నవాళ్ళు నవ్వారు. స్టాండ్‌లో ఒక గుంపు బంతి బంతికీ కూత పెట్టింది. ఓవరు మధ్యలో తల ఎత్తితే, ఎదురుగా పెద్ద తెర మీద తన ముఖమే ఇల్లంత కనిపించింది. చెమట, భయం, తడారిన పెదాలు. నలభై వేలమంది ఆ ముఖాన్ని చూస్తున్నారు. ఇంకా పద్నాలుగు ఓవర్లు ఇట్లాగే చూస్తారు. ఏదో ఒకటి అయిపోతే బాగుండు, ఇక్కణ్ణుంచి పోతే బాగుండు అనిపించింది. అప్పుడే ముందుకు ఉరికాడు. బంతి మిడాఫ్ చేతుల్లో పడ్డప్పుడు గణేశ్‌కు మొదట కలిగింది బాధ కాదు. హాయి. బరువు దిగినంత హాయి. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేది కూడా కాదు. దేశం ఓడిపోతుంటే పెవిలియన్ మెట్లెక్కుతూ లోపల్లోపల హాయిపడ్డ మనిషి తను. తల్లి మాట వింటుంటే ఆ హాయి గుర్తుకొచ్చి, ఒళ్ళంతా కుంచించుకుపోయింది.

“ఔటైనంక నాకు మంచిగనిపించిందవ్వా,” అన్నాడు చాలా మెల్లగా.

“నాకు ఎరుకే,” అన్నది ఓదెమ్మ.

వసంత ఇంతసేపూ ఓపిక పట్టింది. ఇక పట్టలేకపోయింది.

“మీ తల్లికొడుకుల ముచ్చట మీరు మల్ల మాట్లాడుకోవచ్చు. మా పిల్లగాడు రేపు పదకొండింటికి ఏం చెప్పాలె? అది చెప్పుండ్రి, నేను బస్సు ఎక్కుత.”

గణేశ్ చేతులు జోడించాడు. “అక్కా, ఒక్క మ్యాచ్. శనివారం నుంచి ఐదు రోజులు. అది అయిపోంగనే నేనే వచ్చి చెప్త. కేసు వాపస్ తీసుకుంట. వేణుకు కొత్త ఫోను, కొత్త లాప్‌టాప్, మంచి కెమెరా కొనిస్త. మీకు ఏం కావాలన్నా...”

“కెమెరా వద్దు తమ్మీ,” అన్నది వసంత. “మావోడు దొంగ కాదని ఒక్క మాట చాలు. గది కొనిచ్చేది కాదు.”

ఆ మాటకు గణేశ్ చేతులు వాటంతట అవే కిందికి దిగాయి. ఎంత చిన్నవాణ్ణయిపోయానో అనుకున్నాడు. కుట్టుమిషన్ తొక్కుకునే మనిషి ముందు దేశం టోపీ పెట్టుకున్నవాడు బేరానికి దిగాడు, బేరం కూడా తెగలేదు.

*

అప్పుడు మోగింది ఫోను. లక్ష్మీకాంత్.

“బ్రదర్, గుడ్ న్యూస్. వరంగల్ నుంచి చానెల్ కారు మీ ఇంటికి వచ్చేస్తోంది, పది నిమిషాలు. లైవ్ ఇస్తున్నారు. ఐదింటికి జట్టు ప్రకటించే ముందు దేశమంతా మీ అమ్మను చూడాలి. ఒక్కటే జాగ్రత్త. ఆవిడ నోరు తెరవకూడదు. ఒక్క మాట కూడా. గొంతు బయటపడిందంటే అయిపోయాం. ఆ వీడియోలో మాట్లాడింది మీరేనా అని అడుగుతారు, కాదని తల ఊపితే చాలు. మిగతాది నువ్వు చూసుకో.”

స్పీకర్ పెట్టకపోయినా ఆ గది ఎంత, ఆ ఇల్లెంత. అందరికీ వినిపించింది. గణేశ్ ఫోను పెట్టేశాక తల్లి వైపు చూడలేకపోయాడు. వద్దని చెప్పు అని ఆమె అంటుందని ఎదురుచూశాడు. తను అనాల్సిన మాట ఆమె అంటే బాగుండునని ఎదురుచూశాడు, ఎప్పటిలాగే.

ఓదెమ్మ లేచింది. విరిచిన పుల్ల ముక్కలు చేతిలోకి ఎత్తుకొని బయట పారేసింది. ముఖం కడుక్కున్నది. పెట్టె తెరిచి, ఎన్నడూ కట్టని చీర ఒకటి తీసింది. జుట్టు కూడా విప్పి వేరే తీరుగా ముడి వేసుకున్నది. వీడియోలో కట్టిన చీర, వేసిన ముడి ఆమెకు గుర్తున్నాయి. వాటికి ఏమాత్రం పోలిక లేకుండా తయారైంది.

వసంత చూసింది, ఆమెకు అర్థమైంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నది. “మీరు గూడనా అమ్మా,” అన్నది.

ఓదెమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకున్నది. “నన్ను తిట్టు బిడ్డా. శాపనార్థాలు పెట్టు. నేను వాణ్ని కన్న.”

వసంత లోపలి అర్రలోకి పోయి కూర్చున్నది. పోవడానికి బస్సు ఉంది, పోవచ్చు. కానీ ఈ తల్లి ఎట్ల తల ఊపుతుందో చూసే పోవాలనుకున్నది.

*

చానెల్ కారు వచ్చింది. కారు వెనక వాడకట్టంతా వచ్చింది. మూడు రోజులుగా ఆ ఇంటి వైపు చూసి గుసగుసలాడినవాళ్ళే ఇప్పుడు ముందు వరుస కోసం తోసుకున్నారు. ఓదెమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. గణేశ్‌ను పక్కన నిలబెట్టారు. కెమెరా పిల్లగాడు వేలు చూపించాడు, చిన్న ఎర్ర దీపం వెలిగింది.

“మనం ఇప్పుడు తొర్రూరు నుంచి లైవ్‌లో ఉన్నాం,” అన్నది రిపోర్టరు అమ్మాయి. గణేశ్ గురించి, టీము గురించి గబగబా నాలుగు మాటలు చెప్పి, మైకు ఓదెమ్మ ముందుకు చాపింది. “అమ్మా, దేశమంతా మీ కోసం ఎదురుచూస్తోంది. కొడుక్కి ఓపిక లేదంటూ ఆ వీడియోలో మాట్లాడింది మీరేనా? ఆ గొంతు మీదేనా?”

ఓదెమ్మ కెమెరా వైపు చూడలేదు. రిపోర్టరు వైపు చూడలేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్న తన చేతుల వైపు చూసుకున్నది.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఒకసారి. సరిపోదేమో అనుకొని మళ్ళీ ఊపింది.

గణేశ్ చూశాడు. తూకంలో ఒక టమాట తక్కువ వేయని మనిషి తన కోసం వాడకట్టు ముందు, దేవుడిచ్చిన గొంతు తనది కాదంటున్నది. ఆమె దించిన రెప్పల కింద నీళ్ళు కదిలాయి. ఇంతవరకు పడ్డ సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఔటైనప్పుడు, నవ్వినప్పుడు, సంతకం చేసినప్పుడు పోగొట్టుకున్నది తన పరువే. ఇప్పుడు ఆమెది పోతోంది, తను పక్కన నిలబడి పోనిస్తున్నాడు. లోపలి అర్ర గుమ్మంలో వసంత నిలబడి ఉంది. ఆమె కళ్ళలో కోపం కూడా లేదు.

“చూశారు కదా,” అంటూ రిపోర్టరు కెమెరా వైపు తిరగబోయింది.

“ఆగండి,” అన్నాడు గణేశ్.

మైకు అతని వైపు వచ్చింది. కెమెరా వచ్చింది. జనం చూపులన్నీ వచ్చాయి. కాళ్ళు అప్పుడే సందు వైపు లాగుతున్నాయి. కిరాయి కారు ఇంకా అక్కడే ఉంది, నాలుగు అంగలేస్తే చాలు. ఫోను జేబులో కొట్టుకుంటూనే ఉంది, లక్ష్మీకాంత్ లైవ్ చూస్తున్నాడు. ఒక సెకను గడిచింది. రెండు గడిచాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. గణేశ్ కదల్లేదు. చెమట కారుతున్న ముఖాన్ని అట్లాగే కెమెరా ముందు ఉంచి నిలబడ్డాడు.

“నేనొక మాట చెప్పాలె,” అన్నాడు. “వేణు అనేటాయన తప్పేం లేదు. గా వీడియోల ఉన్నది...”

“వద్దు బిడ్డా!”

ఓదెమ్మ కుర్చీలోంచి లేచింది. కొడుకు చెయ్యి పట్టుకొని వెనక్కి గుంజింది. కెమెరా మరిచిపోయింది, లక్ష్మీకాంత్ మాట మరిచిపోయింది, అన్నీ మరిచిపోయింది.

“చెప్పకు బిడ్డా, నీ ఆట పోతది! నాకేమైతే ఏంది, నువ్వు చెప్పకు!”

కెమెరా పిల్లగాడు కంటి దగ్గరి నుంచి కెమెరా దించకుండానే తల పక్కకు వంచి ఆమెను చూశాడు. మూడు రోజులుగా దేశంలో ప్రతి ఫోనులోనూ మోగిన గొంతది. దాన్ని పోల్చుకోవడానికి ఎవరికీ రెండోసారి వినాల్సిన పని లేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

రిపోర్టరు గణేశ్ ముందు నుంచి మైకు తీసింది. తీసి, ఓదెమ్మ మూతి దగ్గర పెట్టింది.

“అమ్మా,” అన్నది. “ఇప్పుడన్న మాట ఇంకొక్కసారి అనండి.”